"యూ హ్యాడ్ బెటర్" అంటే గెస్టుకి కోపం ఎందుకొచ్చింది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విజయవాడలో ఒక హోటల్ రిసెప్షన్లో పనిచేస్తున్నారు. చెకౌట్ టైమ్ దగ్గరపడిందని ఒక విదేశీ గెస్టుకి ఫోన్ చేసి, "సర్, యూ హ్యాడ్ బెటర్ వెకేట్ ద రూమ్ బై ట్వెల్వ్, ప్లీజ్" అన్నారు. ఆయన గొంతు మారిపోయింది. కిందికి వచ్చి మేనేజర్‌తో మాట్లాడాడు, మేనేజర్ మిమ్మల్ని మందలించారు. మీరు చదివిన గ్రామర్ పుస్తకంలో మాత్రం హ్యాడ్ బెటర్ అంటే "చేస్తే మంచిది" అనే ఉంది. మంచిది అన్నందుకు కోపమేంటి, షుడ్‌కీ మస్ట్‌కీ దీనికీ తేడా ఏంటి, మెట్లు కడిగినప్పుడు పెట్టే బోర్డు మీద ఏం రాయించాలి అని అడిగారు.

నేను గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక ఆఫీసులో 16 ఏళ్లు బయ్యర్లకి మెయిళ్లు రాస్తూ, ఫోన్లు మాట్లాడుతూ గడిపాను. ఇప్పుడు బ్రాడీపేటలో సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతున్నాను. మీరు చేసిన పొరపాటు నేనూ చేశానమ్మా, అదీ మాకు డబ్బు పంపాల్సిన బయ్యర్ దగ్గర. కాబట్టి ముందు కొంచెం టెన్షన్ తగ్గించుకోండి.

మీ పుస్తకంలో ఉన్నది తప్పు కాదు, సగమే ఉంది. మన తెలుగులోనే "మంచిది" రెండు రకాలు. "ఆ దగ్గు తగ్గట్లేదు, ఒకసారి డాక్టర్‌కి చూపిస్తే మంచిదమ్మా" అని పక్కింటి పిన్నిగారు అంటారు. "నోరు మూసుకుని కూర్చుంటే మంచిది" అని తగాదాలో ఎవరో అంటారు. మాట అదే. కానీ రెండో దాని చివర చెప్పకుండా మింగేసిన ముక్క ఒకటి ఉంది: "లేకపోతే ఉంది నీ పని." హ్యాడ్ బెటర్‌లో ఆ మింగేసిన "లేకపోతే" దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

ఆ "లేకపోతే" ఎవరి వైపు నుంచి వస్తోందన్నదే అసలు ప్రశ్న. వానవల్లో, రైలువల్లో, జ్వరంవల్లో వస్తుంటే ఎవరికీ కోపం రాదు. తెల్లవారుజామున పినాకిని ఎక్స్‌ప్రెస్ పట్టుకోవాలి, ఇంకా ఇంట్లోనే ఉన్నారు. "వుయ్‌డ్ బెటర్ లీవ్ నౌ" అంటే అది స్నేహం. మబ్బు పట్టింది, "యూడ్ బెటర్ టేక్ ఎన్ అంబ్రెల్లా" అంటే అది ప్రేమ. అదే ఒక రూమ్ తాళాలు చేతిలో ఉన్న మనిషి, ఆ రూమ్‌లో ఉన్నవాడితో "యూ హ్యాడ్ బెటర్ వెకేట్" అంటే ఆ "లేకపోతే" మీ దగ్గర్నుంచే వస్తున్నట్టు. ఆయన చెవికి వినపడింది ఇదీ: "పన్నెండింటికల్లా ఖాళీ చెయ్, లేదంటే సామాన్లు బయటపెట్టిస్తాం." చివర్లో మీరు పెట్టిన ప్లీజ్ దాన్ని ఇంకా చెడగొట్టింది. పళ్లు బిగించి అన్న ప్లీజ్‌లా వినపడుతుంది.

ఇంకో సంగతి కూడా గమనించండి. హ్యాడ్ బెటర్ ఎప్పుడూ ఇప్పటికిప్పుడు, ఈ ఒక్క సందర్భానికి. షుడ్ ఎప్పటికైనా. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అప్పుడే ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. గుమ్మంలోకి నీళ్లొస్తుంటే ఇంట్లోవాళ్లతో అనేది "వుయ్‌డ్ బెటర్ గో అప్‌స్టెయిర్స్." అదే ఇప్పుడు తీరిగ్గా కూర్చుని, "వానాకాలంలో ముఖ్యమైన కాగితాలు మేడమీద పెట్టుకోవాలి" అని చెప్పాలంటే "వుయ్ షుడ్ కీప్ అవర్ పేపర్స్ అప్‌స్టెయిర్స్." "అందరూ ఈత నేర్చుకోవాలి" అన్నదానికి హ్యాడ్ బెటర్ అసలు అతకదు. అది సలహా, అక్కడ ఎవరి మెడ మీదా కత్తి లేదు.

రూపం గురించి రెండు ముక్కలు. అందులో హ్యాడ్ ఉంది గానీ అది జరిగిపోయిన కాలం కాదు. తర్వాత వచ్చే క్రియకి "టు" తగలదు, మారదు: "హ్యాడ్ బెటర్ గో" అంతే. "హ్యాడ్ బెటర్ టు గో" కాదు, "హ్యాడ్ బెటర్ వెంట్" కాదు. వద్దని చెప్పాలంటే నాట్ తర్వాత వస్తుంది, "యూడ్ బెటర్ నాట్ టెల్ హిమ్". మాట్లాడేటప్పుడు ఆ "డ్" మింగేస్తారు కాబట్టి సినిమాల్లో మీకు "యూ బెటర్" అనే వినపడుతుంది. ఆ "డ్"ని విప్పి "వుడ్ బెటర్" అని రాసేవాళ్లు నా క్లాసులో ఏటా నలుగురైనా ఉంటారు. అది లేదు.

ఇప్పుడు నా కథ. మొదటి లాట్ సరుకు వెళ్లింది, కాగితాలన్నీ వెళ్లాయి, మూడు వారాలైనా డబ్బు రాలేదు. మా ఓనర్‌గారు రోజూ పొద్దున్నే "ఏమైందయ్యా?" అని అడుగుతున్నారు. నేను ఆ బయ్యర్‌కి మెయిల్ కొట్టాను: "యూ హ్యాడ్ బెటర్ రిలీజ్ ద పేమెంట్ బిఫోర్ ఫ్రైడే." నా మనసులో ఉన్నది "శుక్రవారం లోపు పంపిస్తే మంచిదండి" అని. జవాబు ఒక్క లైను వచ్చింది, ఓనర్‌గారికి కాపీతో సహా: "ఈజ్ దిస్ ఎ థ్రెట్?" ఇది బెదిరింపా అని.

ఓనర్‌గారు నన్ను ఏమీ అనలేదు. పక్క టేబుల్ దగ్గరుండే పెద్ద గుమాస్తాగారిని పిలిచారు. ఆయన డిగ్రీ కూడా పూర్తి చేయలేదు, కానీ నాకు తెలిసినవాళ్లలో అంత మంచి వ్యాపారపు ఇంగ్లీష్ రాసినవాళ్లు లేరు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, రెండు వేళ్లతో టైప్ చేశారు. ముందు నా మాటకి సారీ. తర్వాత ఈ వాక్యం: "అన్‌లెస్ వుయ్ రిసీవ్ ద పేమెంట్ బై ఫ్రైడే, వుయ్ విల్ నాట్ బి ఏబుల్ టు షిప్ ద సెకండ్ లాట్." డబ్బు వచ్చింది.

చూశారా, ఆయన రాసింది నాదానికంటే మెత్తగా ఏం లేదు. నిజానికి ఇంకా గట్టిగా ఉంది, రెండో లాట్ ఆపేస్తాం అని మొహాన చెప్పారు. కానీ అవతలివాడికి కోపం రాలేదు. నేను "లేకపోతే"ని మింగేశాను, ఆయన దాన్ని బల్ల మీద పెట్టారు. మింగిన "లేకపోతే" బెదిరింపు, బయటపెట్టిన "లేకపోతే" లెక్క. ఇంగ్లీషులో గట్టి హెచ్చరిక మర్యాదగా చేయాలంటే నాకు తెలిసిన దారి ఇదే: ఏం జరుగుతుందో చెప్పడం, ఏం చేయాలో ఆయనకి వదిలేయడం. "పే అప్, ఆర్ ఎల్స్" అని అక్కడే ఆపేస్తే మాత్రం అది అచ్చంగా "కట్టు, లేకపోతే..." అని వేలు చూపించడమే.

అన్‌లెస్ అన్నాను కాబట్టి, అది వాడేటప్పుడు మనవాళ్లు పడే గుంట ఒకటుంది. "కట్టకపోతే"లో లేదు అనే అర్థం ఉంది కదా అని "అన్‌లెస్ యూ డోంట్ పే" అంటారు. అన్‌లెస్‌లోనే ఆ "పోతే" ఉంది. దాని పక్కన మళ్లీ డోంట్ పెడితే, "డబ్బు కడితే సరుకు ఆపేస్తాం" అని అర్థం వస్తుంది!

మన ఇబ్బందికి అసలు కారణం "అండి" అని నా అనుమానం. తెలుగులో గట్టిదనం ఒక చోట, మర్యాద ఇంకో చోట పెట్టుకుంటాం. "మీరు రేపటికల్లా కట్టి తీరాలండి" అన్నామనుకోండి. "తీరాలి" అనేది ఇనుపకడ్డీ, "మీరు", "అండి" దాని మీద పరిచిన దుప్పటి. ఎంత గట్టి మాటకైనా దుప్పటి దొరుకుతుంది. ఇంగ్లీషులో "అండి" లేదు. అందుకే మనం సర్, ప్లీజ్, కైండ్లీ తెచ్చి అతికిస్తాం, అవి అండి చేసే పని చేయవు. ఆ భాషలో మర్యాద అంతా వాక్యాన్ని ఎలా కట్టామన్నదాంట్లోనే ఉంటుంది. "యూ"తో మొదలుపెట్టామా, ప్రశ్నగా అడిగామా, "ఐ" మీదికి తోసుకున్నామా అన్నదాంట్లో.

అందుకే మీ గెస్టుతో "యూ" వదిలేసి మాట్లాడండి. "గుడ్ మార్నింగ్ సర్, జస్ట్ ఎ రిమైండర్ దట్ చెకౌట్ ఈజ్ ఎట్ ట్వెల్వ్. వుడ్ యూ లైక్ సమ్ హెల్ప్ విత్ యువర్ లగేజ్?" నియమం మీది కాదు, హోటల్‌ది. మీరు సాయం చేసే మనిషి. పన్నెండున్నరైనా దిగకపోతే గుమాస్తాగారి పద్ధతే: "ఐయామ్ అఫ్రెయిడ్ వుయ్‌ల్ హ్యావ్ టు చార్జ్ ఫర్ హాఫ్ ఎ డే ఆఫ్టర్ వన్ ఓ క్లాక్." ఈ "ఐయామ్ అఫ్రెయిడ్"లో భయమేం లేదు, మన "ఏం అనుకోకండి గానీ" అన్నమాట. మీ హోటల్లో ఛార్జీ ఎంతో, ఎన్నింటి నుంచో అది మార్చుకోండి.

స్నేహితులకి, తోటివాళ్లకి సలహా అయితే "ఇఫ్ ఐ వర్ యూ, ఐ వుడ్..." అని మొదలుపెట్టడం నాకు బాగా ఇష్టం. "నేను మీ ప్లేస్‌లో ఉంటే" అని మనం అననే అంటాం, అచ్చంగా అతుకుతుంది. మనవాళ్లకి ఇంకో అలవాటు ఉంది, "డూ వన్ థింగ్" అని మొదలుపెట్టడం. "ఒక పని చేయండి" అన్నదాన్ని అలాగే ఎత్తి ఇంగ్లీషులో పెట్టింది. మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, నేనూ వాడతాను. బయటివాళ్లు మాత్రం ఆ ఒక్కటీ ఏంటా అని వేళ్లు లెక్కపెడుతూ ఎదురుచూస్తారు.

ఇంత మర్యాద గురించి చెప్పి, ఇప్పుడు దానికి తిరకాసుగా ఒకటి చెప్పాలి. ప్రమాదం ముందు మర్యాద పనికిరాదు. ఒకసారి మార్చి నెలలో, సీజన్ మంచి ఊపుమీద ఉన్నప్పుడు, ఒక విదేశీ బయ్యర్ మనిషిని మిర్చి యార్డుకి తీసుకెళ్లాను. గేటు దాటగానే తుమ్ములు మొదలయ్యాయి. అయినా ఆయన ఉత్సాహం తగ్గలేదు. ఒక టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, తేజ రకం కాయ తీసి, వేళ్లతో చిదిమి, గింజలు అరచేతిలో పోసుకుని చూశాడు. ఘాటుకి కళ్లు నీళ్లు కారుతున్నాయి. కళ్లజోడు తీశాడు. ఏం జరగబోతోందో నాకు తెలిసింది. నేను వాక్యం కట్టడం మొదలుపెట్టాను: "సర్, యూ షుడ్ నాట్ టచ్ యువర్ ఐస్ ఆఫ్టర్..." నా వాక్యం సగంలో ఉండగానే వేలు కంటి దగ్గరికి వచ్చేసింది. పక్కన టిక్కీ దింపుతున్న హమాలీ ఒక్క అరుపు అరిచాడు, "సార్! నో! నో ఐస్!" చేయి అక్కడే ఆగిపోయింది. గ్రామర్ నాది బాగుంది, పని చేసింది మాత్రం ఆ హమాలీ అరుపే.

కాబట్టి ఒంటికి దెబ్బ తగిలే చోట ఇంగ్లీషువాళ్లు కూడా ఒక్క ముక్కలోనే అరుస్తారు. "స్టాప్!", "లుక్ అవుట్!", "డోంట్ టచ్ దట్, ఇట్స్ హాట్!" దీన్ని ఎవరూ అమర్యాద అనుకోరు. లండన్ భూగర్భ రైళ్ల ప్లాట్‌ఫారాల అంచున రాసి ఉండే "మైండ్ ద గ్యాప్" కూడా ఇలాంటిదే, ప్లీజ్ లేదు, సర్ లేదు. "తల జాగ్రత్త" అని మనం అనే చోట వాళ్లు "మైండ్ యువర్ హెడ్" అంటారు. మీ హోటల్లో సర్వర్ వేడి కాఫీ పట్టుకుని వస్తుంటే గెస్టు వెనక్కి జరుగుతున్నాడనుకోండి, "కేర్‌ఫుల్, సర్!" చాలు.

మస్ట్ గురించి. "తప్పకుండా" అన్నంత బరువు. కానీ గమ్మత్తు ఏంటంటే, ఆతిథ్యంలో మస్ట్ తీపిగా ఉంటుంది. "యూ మస్ట్ ట్రై అవర్ గోంగూర" అంటే ఎవరికీ కోపం రాదు. మనం బలవంతంగా ఇంకో ముద్ద వడ్డించినట్టు ఉంటుంది. చేసే పని అవతలివాళ్లకి లాభమైతే మస్ట్ ముద్దు, మనకి లాభమైతే అధికారం. "యూ మస్ట్ సైన్ హియర్" అనకండి, "కుడ్ యూ సైన్ హియర్, ప్లీజ్?" అనండి.

వ్యతిరేకంలో మాత్రం జాగ్రత్త, ఇక్కడ నిజంగానే మాట అటూ ఇటూ అవుతుంది. తెలుగులో "రాకూడదు" వేరు, "రానక్కర్లేదు" వేరు. మస్ట్ నాట్ అంటే రాకూడదు. డోంట్ హ్యావ్ టు అంటే రానక్కర్లేదు. "మీరు పొద్దున్నే ఆఫీసుకి రానక్కర్లేదు సర్, కాగితాలు మేమే పంపిస్తాం" అని చెప్పబోయి నా స్టూడెంట్ ఒకతను "యూ మస్ట్ నాట్ కమ్ టు అవర్ ఆఫీస్" అన్నాడు. మా గుమ్మం తొక్కొద్దు అన్నట్టు వెళ్లింది పాపం.

ఇప్పటిదాకా మనం చెప్పేదాని గురించి. వినేటప్పుడు సమస్య దీనికి తలకిందులుగా ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు, ముఖ్యంగా బ్రిటన్ వైపువాళ్లు, చాలా గట్టి హెచ్చరికని పలచగా చేసి చెబుతారు, మనకి అది హెచ్చరికలా వినపడదు. "ఐ వుడ్‌న్ట్ డ్రింక్ దట్" అన్నాడనుకోండి. మనం "సరే, ఆయన తాగడు, నేను తాగుతా" అనుకుంటాం. ఆయన చెప్పింది "అది తాగొద్దురా బాబూ" అని. "యూ మైట్ వాంట్ టు చెక్ దిస్ అగైన్" అని పై ఆఫీసర్ అంటే, "కావాలంటే చూసుకో" అని కాదు, "అందులో తప్పుంది, ఇప్పుడే చూడు" అని.

అన్నిటికంటే మోసం చేసేది "యూ డోంట్ వాంట్ టు డూ దట్". తెనాలి నుంచి వచ్చి నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి ఇంగ్లండులో నర్సుగా చేరింది. చేరిన కొత్తలో డ్రెస్సింగ్ మారుస్తుంటే సీనియర్ వచ్చి, నవ్వుతూనే, "ఓ, యూ డోంట్ వాంట్ టు డూ ఇట్ లైక్ దట్" అంది. "నీకు ఇలా చేయడం ఇష్టం లేనట్టుంది" అని వినపడింది మా అమ్మాయికి. పని మీద తనకి ఎంత ఇష్టమో చూపించాలని "నో నో, ఐ వాంట్ టు!" అంది. ఫోన్లో చెబుతూ తను నవ్వింది గానీ, అప్పుడు ఆ సీనియర్ మొహం ఎలా ఉండుంటుందో ఊహించుకోండి. నవ్వుతూ అన్నా సరే అది "అలా చేయకు" అనే.

చిన్న చిన్నవి కొన్ని, గబగబా. సలహా అనే నామవాచకం అడ్వైస్, చివర "స". సలహా ఇవ్వడం అడ్వైజ్, చివర "జ" లాంటి శబ్దం. మన నోటికి రెండూ ఒకటే అయిపోతాయి. ఎన్ని సలహాలిచ్చినా అడ్వైసెస్ అనరు, "సమ్ అడ్వైస్", "ఎ పీస్ ఆఫ్ అడ్వైస్" అంటారు. "ఐ అడ్వైజ్ యూ టు టేక్ ఎ ట్యాక్సీ" సరైనదే, కానీ "ఐ సజెస్ట్ యూ టు టేక్" తప్పు. సజెస్ట్‌కి ఆ "టు" గిట్టదు, "ఐ సజెస్ట్ యూ టేక్ ఎ ట్యాక్సీ" అనాలి. దుర్గమ్మ గుడికి దారి అడిగే గెస్టులకి మీరు రోజుకి పదిసార్లైనా ఈ మాట చెప్పాల్సి వస్తుంది కాబట్టి ఇది ముందు సరిచేసుకోండి. మే నెల ఎండలో కొండకి వెళ్తామని మధ్యాహ్నం పూట బయల్దేరే వాళ్లతో మాత్రం "ఐ వుడ్‌న్ట్ గో నౌ, సర్. ఇట్స్ మచ్ కూలర్ ఆఫ్టర్ ఫైవ్" అనండి, నేను పైన చెప్పిన పలచటి హెచ్చరికే.

ఇక బోర్డు. మనకి అన్నీ హెచ్చరికలే, కరెంటు స్తంభం మీద "అపాయము" అని పుర్రె బొమ్మతో సహా. ఇంగ్లీషు భద్రతా బోర్డుల్లో మూడు మెట్లున్నాయి. చిన్న దెబ్బ, ఓ మోస్తరు దెబ్బ తగిలే అవకాశం ఉంటే కాషన్. ప్రాణం పోయే, లేదా తీవ్రంగా గాయపడే అవకాశం ఉంటే వార్నింగ్. తప్పించుకోకపోతే అంత పనీ అయ్యేలా ఉంటే డేంజర్. కడిగిన మెట్లకి డేంజర్ అని రాయిస్తే గెస్టులు నవ్వుకుంటారు. ట్రాన్స్‌ఫార్మర్ గదికి కాషన్ అని రాయిస్తే అది నవ్వులాట కాదు. మీ మెట్ల దగ్గర పసుపు బోర్డు మీద "కాషన్: వెట్ ఫ్లోర్" అని పెట్టించండి, కింద తెలుగులో "తడిగా ఉంది, జారుతుంది" అని కూడా. ఆరిపోయాక బోర్డు తీయించడం మర్చిపోకండి. మా క్లాసున్న బిల్డింగ్‌లో అది 2 ఏళ్లుగా మెట్ల మీదే ఉంది. మొన్న నిజంగా తడిగా ఉన్న రోజున దాన్ని చూసి కూడా ఎవరూ నెమ్మదించలేదు, నాతో సహా. మోచెయ్యి ఇంకా నొప్పిగానే ఉంది.